తెలంగాణ సాయుధ పోరాటం: ఆయుధంపై నిర్ణయం ఎవరిది?

అణచివేతకు గురైనవాళ్లు ఆయుధం పట్టవచ్చా అన్న చర్చ వచ్చినప్పుడల్లా హింస, అహింస అనే రెండు సిద్ధాంతాల మధ్యే వాదించుకుంటాం. నిజాం రాజ్యంలో దొరలపై కమ్యూనిస్టుల నాయకత్వంలో 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ పోరాటాన్ని దగ్గరగా చూస్తే అంతకన్నా కఠినమైన ప్రశ్న ఎదురవుతుంది: ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారు, దాని మూల్యం ఎవరు చెల్లించారు?

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేస్తున్న భూమిపై విసునూరు దొర, పెద్ద భూస్వామి అయిన దేశ్‌ముఖ్ కన్నుపడింది. కోర్టులో ఆయనకు చుక్కెదురైంది. అయినా చేతికొచ్చిన పంటను కోసుకుపోవడానికి మనుషులను పంపాడు. కమ్యూనిస్టులు నడిపిన ఆంధ్ర మహాసభ సంఘం కార్యకర్తలు వాళ్లను తరిమి, ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. 1946 జులై 4న కడవెండిలో కర్రలు, వడిసెలలతో ఊరేగింపుగా వచ్చిన జనంపై దొర మనుషులు కాల్పులు జరపడంతో దొడ్డి కొమరయ్య ప్రాణాలు కోల్పోయాడు. వెట్టి చేయబోమని నిరాకరించడం, పండించిన పంటను కాపాడుకోవడం అహింసావాదులు కూడా తప్పుపట్టలేని పనులే. కానీ సహాయ నిరాకరణ ఫలించాలంటే పీడించేవాణ్ని నిలదీసే అధికారం ఎక్కడో ఒకచోట ఉండాలి. కోర్టు తీర్పునే లెక్కచేయని దొరకు నిజాం రాజ్యంలో అలాంటి భయమేదీ లేదు. 1948 ఆగస్టులో నిజాంకు మద్దతుగా నిలిచిన సాయుధ ముఠాలైన రజాకార్లు విరుచుకుపడినప్పుడు బైరాన్‌పల్లి గ్రామ జనం బురుజెక్కి ఎదురు కాల్పులు జరిపారు. వాళ్లకు సహనం బోధించే అర్హత ఎవరికీ లేదని నా నమ్మకం.

1948 సెప్టెంబరు 17న నిజాం భారత సైన్యానికి లొంగిపోయిన తర్వాతి మూడేళ్ల గురించి మాత్రం అంత నమ్మకంగా చెప్పలేం. సైన్యం వెంట దొరలు మళ్లీ ఊళ్లకు వచ్చి, జనం పంచుకున్న భూములను లాక్కోసాగారు కాబట్టి, ఆయుధాలు దించితే భూమి పోతుందన్న వాదనలో నిజముంది. అయితే తుపాకులతో ఆ భూమి నిలవలేదు. కమ్యూనిస్టుల సాయుధ దళాలు అడవులకు తరలాక వాటికి అన్నం పెట్టారన్న అనుమానంతో సైన్యం కోయ గిరిజనుల గూడేలను ఖాళీ చేయించి, జనాన్ని క్యాంపుల్లో కుక్కింది. పోరాటాన్ని విరమించాలని కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి వాదించారు, కొనసాగించాలని మరికొందరు నాయకులు పట్టుబట్టారు. 1951లో నలుగురు పార్టీ నేతలు మాస్కో వెళ్లి సోవియట్ అధినేత స్టాలిన్‌తో చర్చించి వచ్చారు, అక్టోబరులో విరమణ ప్రకటన వెలువడింది. కడవెండిలో కర్ర ఎత్తినవాళ్లకు తాము ఎవరిని, ఎందుకు ఎదిరిస్తున్నామో తెలుసు. క్యాంపుల్లో మగ్గిన కోయలను మాత్రం ఈ యుద్ధం ఇంకా సాగాలా అని అడిగినవాళ్లు లేరు. నా దృష్టిలో ఆ మూడేళ్లలో జరిగిన అసలు నైతిక తప్పిదం ఇదే, తుపాకి పట్టడం కాదు.

1952 ఎన్నికల్లో నల్లగొండ ఓటర్లు రావి నారాయణరెడ్డిని నెహ్రూను మించిన మెజారిటీతో లోక్‌సభకు పంపారు. ఆ తీర్పును పోరాటం మొత్తానికీ ఆమోదముద్రగా చూపేవాళ్లు ఒక సంగతి గమనించాలి: జనం అంత గొప్పగా గెలిపించిన ఆ నాయకుడు, ఆయుధాలు దించాలని మూడేళ్ల ముందు నుంచే వాదిస్తూ వచ్చినవాడు.