సన్మాన శాలువా వంకరగానే ఉండాలి

నల్లగొండలో గానీ పాలమూరులో గానీ ఒక మనిషి గౌరవంగా బతికాడనడానికి సాక్ష్యం కావాలంటే అతని ఇంట్లో బీరువా పై అర తెరిచి చూస్తే చాలు. మడత విప్పని శాలువాలు దొంతరగా కనిపిస్తాయి. మెరిసే గుడ్డ, జరీ అంచు, మూలన ధర చీటీ పీకిన గుర్తు. కప్పుకుంటే ఉక్క, పరుచుకుంటే జారుడు, తుడుచుకుందామంటే నీళ్ళు పీల్చదు. ఏ పనికీ రాకూడదన్న దృఢ సంకల్పంతో నేసిన ఈ వస్త్రాన్ని గౌరవ చిహ్నంగా ఎంచుకున్న మన పెద్దల ముందుచూపును శంకించడం నా ఉద్దేశం కాదు. పనికొచ్చే వస్తువే ఇచ్చి ఉంటే జనం దాన్ని గౌరవం అనుకోకుండా సాయం అనుకునే ప్రమాదం ఉండేది.

లోపం ఒక్కటే. అది మరీ సులువుగా దొరుకుతోంది. 2016 అక్టోబరులో జిల్లాలను విభజించినప్పుడు నల్లగొండ మూడైంది. మహబూబ్‌నగర్ ముందు నాలుగై, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా విడిపోవడంతో ఐదైంది. జిల్లా పెరిగితే కలెక్టరు పెరుగుతారు, ఎస్పీ పెరుగుతారు, శాఖకొక జిల్లా అధికారి పెరుగుతారు. వచ్చినప్పుడు ఒక శాలువా, బదిలీపై వెళ్ళేటప్పుడు ఒకటి, మధ్యలో కొత్త సంవత్సరానికి మరొకటి. పాలన ప్రజలకు ఎంత చేరువైందో చెప్పలేను గానీ శాలువా మాత్రం ప్రతి మండలానికీ చేరింది. సభకు అరగంట ముందు ఒక కుర్రవాణ్ణి మోటారు సైకిలు మీద మ్యాచింగ్ సెంటరుకు పంపి, "ఇరవై పట్టుకురా, కాస్త చవకలో చూడు" అని తెప్పించే గౌరవం ఎంతకాలం నిలుస్తుంది?

అందుచేత ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ ప్రజల పరిశీలనకు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ఇకపై సన్మానం చేసే వ్యక్తి, తన చేతులతో, కొక్కెం సూది పట్టి, క్రోషేతో అల్లిన శాలువానే కప్పాలి. అది నలుచదరంగా ఉండకూడదు. ఒక మూల నుంచి మొదలై ఒక వైపే పెరుగుతూ పోయే వంకర త్రికోణం కావాలి. అల్లికలవాళ్ళు దీన్ని అసిమెట్రికల్ షాల్ అంటారు. క్రోషే కుట్టును ఉన్నదున్నట్టు వేసే యంత్రం బజారులో లేదు కాబట్టి, కుర్రవాడు ఎంత వేగంగా బండి నడిపినా ఇరవై దొరకవు.

ఈ శాలువానే ఎందుకంటే, దీని నమూనాల మీద తరచూ "ఆత్మవిశ్వాసం గల కొత్తవారికి" అని రాసి ఉంటుంది. బొత్తిగా కొత్తవారికి కాదు, ఆరితేరినవారికీ కాదు. గొలుసు కుట్టు, డబుల్ క్రోషే అనే రెండు మామూలు కుట్లు వచ్చి ఉండాలి, కుట్లు లెక్కపెట్టే ఓపిక ఉండాలి, మిగిలినదంతా ధైర్యం. ఈ అర్హత గలవారి కోసం మనం ఎక్కడో వెతకనక్కరలేదు. నిన్న కండువా కప్పుకొని ఇవాళ కృష్ణా జలాల వాటా మీద గంటసేపు మాట్లాడేవారు మనకున్నారు. ఫోనులో రెండు వీడియోలు చూసి బోరు ఎక్కడ వేయాలో చెప్పేవారు, లైసెన్సు రాకముందే కారు అద్దం మీద పార్టీ గుర్తు అంటించేవారు ఉన్నారు. ఈ వర్గానికి తగిన చేతిపని ఇంతకాలం దొరకకపోవడం వల్లనే వాళ్ళు పరిపాలన వైపు వచ్చారని నా అభిప్రాయం.

ఇక పద్ధతి. 4 నుంచి 5 మిల్లీమీటర్ల కొక్కెం సూది, మరీ సన్నం కాని నూలు దారం ఒక నాలుగైదు వందల మీటర్లు. ఊలు వద్దు. మే నెలలో 44 డిగ్రీల ఎండలో నల్లగొండ గడియారం సెంటరు దగ్గర నిలబెట్టి ఊలు శాలువా కప్పితే దాన్ని సన్మానం కింద కాక వేరే సెక్షన్ కింద నమోదు చేయాల్సి వస్తుంది. నాలుగు గొలుసు కుట్లతో మూల మొదలుపెట్టి, వరుస తరువాత వరుస డబుల్ క్రోషే వేసుకుంటూ పోతారు. ఒక అంచు మీద మాత్రం ఒకే కుట్టులో రెండు కుట్లు వేసి పెంచుతారు. రెండో అంచున ఏమీ పెంచరు, అది నిటారుగా పోతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. వరుస పూర్తయినప్పుడల్లా పనిని వెనక్కి తిప్పుతాం కదా, పెరిగే అంచు ఒకసారి వరుస మొదట వస్తుంది, మరోసారి చివర వస్తుంది. ఏది పెరిగే అంచో మరిచిపోతే రెండు వైపులా సమానంగా పెరిగి పని చెడిపోతుంది. అందుకని పెరగాల్సిన అంచుకు ఒక పిన్నీసు గుచ్చి పెట్టుకొమ్మని తెలిసినవాళ్ళు చెబుతారు. మన ప్రభుత్వాల జ్ఞాపకశక్తికి ఇక్కడ నమస్కారం పెట్టక తప్పదు. ఎన్ని వరుసలు తిరిగినా, ఎన్ని పార్టీల చేతులు మారినా, ఏ పిన్నీసూ లేకుండానే పెరగాల్సిన అంచు ఏదో వాళ్ళు ఒక్కసారీ పొరపడలేదు. 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాది రాయి వేశారు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. డ్యాము ఒక కొసా నల్లగొండ నేల మీదే ఉంది, మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో దశాబ్దాల పాటు ఎముకలు వంచిన ఫ్లోరైడు నీళ్ళూ నల్లగొండ నేల కిందే ఉన్నాయి. కృష్ణానది తెలంగాణలోకి అడుగుపెట్టేది పాలమూరు గడ్డ మీద. ఆ గడ్డ మీది మనుషులు ముంబై బస్సెక్కి వెళ్ళి ఎవరెవరి ఊళ్ళకో కాలువలు తవ్వారు. ఒక వైపే పెంచడం ఎలాగో ఈ ప్రాంతానికి కొత్తగా నేర్పే అవసరం లేదు. ఆ విద్యను ఇన్నాళ్ళకు దారంలోకి దించుతున్నాం, అంతే.

ఈ శాలువా లెక్క కూడా కాంట్రాక్టర్లు తప్పక చదవాల్సింది. మొదటి వరుసలో ఒక కుట్టు, రెండో దానిలో రెండు, ఇలా వరుసకు ఒక్కటి పెరుగుతుందనుకుందాం. వంద వరుసలకు మొత్తం 5,050 కుట్లు. యాభై వరుసలు అయ్యేసరికి అల్లేవారు సగం పని అయిందని ఇంట్లో ప్రకటిస్తారు. నిజానికి అప్పటికి పడినవి 1,275 కుట్లే, అంటే పావు వంతు. ఆఖరి 29 వరుసలే దాదాపు సగం శాలువా. మొదటి వరుస కాఫీ చల్లారేలోపు అవుతుంది, చివరి వరుసకు మధ్యాహ్నం భోజనం వేళ దాటుతుంది. "యాభై శాతం పనులు పూర్తి" అని శిలాఫలకం పక్కన బోర్డు పెట్టే ఇంజనీర్లు ఏ కొలతతో రాస్తున్నారో నాకు ఇన్నాళ్ళకు అర్థమైంది. వాళ్ళు వరుసలు లెక్కపెడుతున్నారు. కుట్లు లెక్కపెట్టేది కింద నిలబడి నీళ్ళ కోసం చూసే రైతు.

ఇందులోనే ఒక సౌకర్యం కూడా ఉంది. ఈ శాలువాను ఏ వరుస దగ్గర ఆపినా అది శాలువాయే, కాకపోతే చిన్నది. కాబట్టి అర్హతను బట్టి కొలత ఇవ్వవచ్చు. వార్డు సభ్యుడికి ఇరవై వరుసలు, అంటే మెడకు చుట్టుకునేంత. ముప్పై ఏళ్ళు ఒకే పల్లెబడిలో పాఠం చెప్పిన పంతులమ్మకు నూట ఇరవై. మాజీ అయ్యాక కూడా కాన్వాయ్ వదలనివారికి మొదటి నాలుగు గొలుసులు.

ప్రజాప్రతినిధుల విషయంలో మరో నిబంధన పెట్టాలి. క్రోషేలో ఎన్ని వేల కుట్లు వేసినా, కుట్టు పూర్తయిన ప్రతిసారీ సూది మీద మిగిలేది ఒకే ఒక్క ఉచ్చు. పని ముగిశాక దారం తెంపి, ఆ కొసను ఉచ్చులోంచి లాగి బిగించాలి. బిగించకుండా వదిలేసిన శాలువా కొస పట్టుకొని ఎవరైనా లాగితే, అల్లినదంతా వచ్చిన దారినే మళ్ళీ దారమై చేతికొస్తుంది. ఎమ్మెల్యేలకు కప్పే శాలువాకు అయిదేళ్ళు గడిచేదాకా ఆ ముడి బిగించవద్దు. కొస నియోజకవర్గం ఓటర్ల దగ్గర ఉండాలి. ఒక పార్టీ గుర్తు మీద గెలిచి, అభివృద్ధి కోసమే అంటూ ఇంకో కండువా కప్పుకోవడానికి హైదరాబాదు బయలుదేరిన రోజున ఊళ్ళో వాళ్ళు మెల్లగా లాగడం మొదలుపెట్టవచ్చు. చౌటుప్పల్ దాటేసరికి భుజం మీద ఏమీ ఉండదు. దారమూ వృథా కాదు, ఉండ చుట్టి వచ్చే ఎన్నికకు దాచుకోవచ్చు.

వంకరగా ఉన్నదాన్ని గౌరవనీయులకు ఎలా కప్పుతామని కొందరు సందేహించవచ్చు. దీనికి పుట్టపాక వెళ్ళి రావాలి. సంస్థాన్ నారాయణపురం మండలంలోని ఆ ఊరి నేతగాళ్ళు తేలియా రుమాలు నేస్తారు. పడుగునూ పేకనూ రెండింటినీ నేతకు ముందే లెక్క ప్రకారం ముడులు కట్టి రంగులో ముంచుతారు. మగ్గం మీద పడుగులోని గుర్తు మీదే పేకలోని గుర్తు వచ్చి కూర్చోవాలి. 2020లో ఆ రుమాలుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ గుర్తు కాస్త పక్కకు జరిగితే అది లోపం, బేరంలో వెంటనే ధర పడిపోతుంది. అదే రాజధానిలో ఒక శాలువా ఒక పక్క మోకాలి దాకా, మరో పక్క మోచేతి దాకా వేలాడితే అది డిజైను. పుట్టపాకలో పడిన వంకరకు కూలి కోత, బంజారాహిల్స్‌లో పడిన వంకరకు అద్దాల అరలో చోటు. మనం సన్మానించబోయేవారిలో ఎక్కువమంది రెండో రకం వంకరకు అలవాటుపడినవారే కనుక వారికేమీ ఇబ్బంది ఉండదు.

ఈ ప్రతిపాదన విని మా వీధిలోని రిటైర్డ్ హెడ్మాస్టరు గారు కోపగించుకున్నారు. "మన గొంగడి ఉండగా ఈ పరాయి అల్లిక ఎందుకయ్యా?" అన్నారు. వారి వాదన బలమైనదే. దక్కను గొర్రెల నల్లబొచ్చు కత్తిరించి, ఆడవాళ్ళు వడికి, కురుమలు నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి వానకు గొడుగు, చలికి దుప్పటి, పొలం గట్టు మీద మంచం. "అందుకే వద్దంటున్నాను సార్" అన్నాను. గొంగడి కప్పితే పుచ్చుకున్నవాడు దాన్ని నిజంగా వాడుకుంటాడు, బీరువాలో పెట్టడు, మళ్ళీ ఇంకొకటి ఆశించడు. సన్మాన వ్యవస్థ కూలిపోతుంది. పైగా దానికి ఎన్నికల ముందు వేరే ఉద్యోగం ఉంది. నాయకులు దాన్ని కప్పుకొని గొర్రెపిల్లను ఎత్తుకొని ఫొటో దిగాలి. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరవద్దని పెద్దలన్నారు. మనవాళ్ళు గొంగడినే తీసేసి నైలాను పరిచారు, వెంట్రుకల బాధ తీరింది. హెడ్మాస్టరు గారు ఇంకేమీ అనలేదు గానీ, మరునాడు వారి వరండాలో దండెం మీద పాత గొంగడి ఒకటి ఎండకు ఆరేసి ఉంది.

అసలు గండం వేరే ఉంది, దాన్ని దాచను. నిబంధన వచ్చిన మర్నాడే పెద్దమనుషులు సూదిని శ్రీమతి చేతికిస్తారు. శ్రీమతికి తీరిక లేకపోతే మండల మహిళా సంఘానికి కబురు పోతుంది. వారం లోపల నలభై శాలువాలు, ఒక్కోదానికి ఇంత అని. ఇది ఊహ కాదు. గోదావరి వైపు నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఇదే కొక్కెం సూదితో లేసు అల్లే ఆడవాళ్ళు వేలమంది. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని అది. సరుకు సముద్రాలు దాటి పోతుంది, ఎగుమతిదారుల మేడలు లేస్తాయి, అల్లిన వేలికి ముక్కకింత కూలి వస్తుంది. అడిగితే అది వాళ్ళు తీరిక వేళ చేసుకునే పని అంటారు. వంట, పొలం, పిల్లలు, పశువులు అయ్యాక మిగిలేదాన్ని తీరిక అంటారని అప్పుడు తెలుస్తుంది. మన జిల్లాల్లో శాలువా ఆ దారి పట్టకూడదు. ఒక వైపే పెరగడం త్రికోణానికి అందం, కూలిపట్టీకి కాదు.

కాబట్టి అల్లిక అందరి కళ్ళ ముందు, వేదిక మీదే జరగాలి. సన్మానకర్త కుర్చీలో కూర్చుని, ఒళ్ళో దారం ఉండ పెట్టుకుని, సభ మొదలైనప్పుడే మొదటి గొలుసు వేయాలి. ప్రతి వరుస చివర కుట్ల సంఖ్య మైకులో చెప్పాలి, ముందు వరుసలో కూర్చున్న ఇద్దరు డ్వాక్రా మహిళలు సరిచూసి తల ఊపితేనే తరువాతి వరుస. తప్పితే అక్కడిదాకా విప్పాలి. ఫోను మాట్లాడడానికి లేచి వెళ్ళడం కుదరదు, చేతులు రెండూ పనిలో ఉంటాయి. పూర్తయ్యాక తడిపి, తువ్వాలులో ఒత్తి, మూలలు లాగి పిన్నులు గుచ్చి ఆరబెడితే గానీ సరైన ఆకారం రాదు. ఈ ఒక్క పనిలో మన ఎండ మనకు ఉపకారి, వందన సమర్పణ అయ్యేలోగా ఆరిపోతుంది.

అయిదు వేల కుట్లకు సభలో సమయం ఎక్కడిదని అడిగేవారు మన సభలకు ఎన్నడూ రానివారై ఉండాలి. జ్యోతి ప్రజ్వలనకు, ప్రార్థన గీతానికి ఓ పది వరుసలు పోతాయి. వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా సంబోధించడంలో ఇరవై. స్థానిక నాయకుల మధ్య ఎవరు ముందు మాట్లాడాలన్న సర్దుబాటులో మరో పదిహేను. ఇక ముఖ్య అతిథి గారు లేచి, గొంతు సవరించుకుని, "సమయం లేదు కనుక రెండే రెండు ముక్కలు మాట్లాడి ముగిస్తాను" అనగానే అల్లేవారు నిశ్చింతగా కొత్త దారం ఉండ విప్పుకోవచ్చు.