పైన పటారం, లోన నిప్పట్లు

నెలనెలా చందా కట్టించుకుని సీమ రుచులు ఇంటికి పంపే సబ్‌స్క్రిప్షన్ వ్యాపారం అనంతపురంలో పెట్టాలనుకునే వాళ్లు ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. అమ్మాల్సింది తిండి కాదు, పెట్టె. నిప్పట్లు ఎవరైనా చేస్తారు. శెనక్కాయల పొడి ఎవరైనా కొడతారు. మూత ఎత్తగానే టిష్యూ కాగితం, దానిమీద గుండ్రటి స్టిక్కరు, దానికింద చిలకపచ్చ రంగు కాగితం తురుము, ఆ తురుములో ఏదో ఒక మూలన అరకిలో సరుకు. చందాదారుడు చెయ్యి పెట్టి వెతుక్కోవాలి. ఈ వెతుకులాటకే అన్‌బాక్సింగ్ అనుభూతి అని పేరు. ధరలో అదీ కలిసే ఉంటుంది.

పెట్టె ఎంత పెద్దదైతే అంత పరువు. కాబట్టి పొడవు 30 సెంటీమీటర్లు, వెడల్పు 22, ఎత్తు 12 అని తీర్మానిస్తారు. లోపలికి 200 గ్రాముల నిప్పట్లు, 150 గ్రాముల పొడి, 150 గ్రాముల చిక్కీ. అట్టతో కలిపి తూచినా ముప్పావు కిలో. కొరియర్ వాళ్ల గణితం వేరు. ఈ మూడు కొలతల్నీ గుణించి 5000తో భాగిస్తారు చాలామంది. ఆ వచ్చిన అంకె, కాటా చూపిన అంకె, రెండింట్లో ఏది పెద్దదైతే దానికే చార్జీ. మన పెట్టెకు 1.58 కిలోలు వచ్చింది. అరకిలోకొక మెట్టు ఎక్కే శ్లాబుల లెక్కన బిల్లు రెండు కిలోలకు. ఇదే సరుకు 22, 16, 8 కొలతల పెట్టెలో కిలో శ్లాబులోనే పోతుంది. మిగిలిన కిలో అచ్చంగా గాలి. రామగిరి కొండల మీద మరలు తిప్పి గాలిని కరెంటు చేసిన ఉమ్మడి జిల్లా మనది. గాలిని కొరియర్ బిల్లు చేయడం ఆ దారిలో ఇంకో ముందడుగు. కౌంటర్లో పిల్లోడు పెట్టెను చెవి దగ్గర ఊపి, "ఏందన్నా, లోపల ఏమన్నా ఉండాదా?" అని అడిగితే నొచ్చుకోకూడదు. వాడికి బ్రాండింగ్ తెలియదు.

లెక్క తెలిసినవాళ్లు ఇంకా అందంగా బోల్తా పడతారు. 25, 20, 10 గుణిస్తే సరిగ్గా 5000, అంటే కిలోకు గీత మీద ఉన్నాం అని మురిసిపోయి ఆ కొలతలే పెట్టెలవాడికి పంపిస్తారు. విడిగా చెప్పకపోతే అతను దాన్ని లోపలి కొలతగానే తీసుకుంటాడు. మూడు ప్లై బీ ఫ్లూట్ అట్ట, అంటే రెండు కాగితాల నడుమ ముడతల కాగితం ఒకటి అంటించిన మూడు పొరల అట్ట, దాదాపు 3 మిల్లీమీటర్ల మందం. రెండు వైపులా కలిపితే పెట్టె బయట 25.6, 20.6, 10.6 అవుతుంది. పక్క గోడలు రెండు మడతలు పడే మెయిలర్ పెట్టెలో ఇంకాస్త ఎక్కువే. లెక్క 1.12కు చేరింది, శ్లాబు దాటింది, వెయ్యి పెట్టెలు లారీ దిగాయి. తగ్గిద్దామంటే అట్టను కోసే అచ్చు, అదే డై, మళ్లీ కొట్టించాలి. ప్లైవుడ్ పలకలో ఉక్కు బ్లేడ్లు దిగ్గొట్టిన సామాను అది, అర సెంటీమీటరు జరపడం కుదరదు. ఆర్డరు కాగితం మీద "బయటి కొలత" అని రాసి, ప్రింటు లేని తెల్ల శాంపిల్ ఒకటి కోయించుకుని, సరుకంతా కుక్కి, మూత ఉబ్బిన చోట టేపు పెట్టి కొలిచి, ఆ తర్వాతే డైకి ఒప్పుకునే పిసినారులూ ఉన్నారు. ఏడాది పొడుగునా ఒకే డై వాడి, నెలకొకసారి పైన చుట్టే కాగితం పట్టీని మాత్రం మారుస్తారు. వాళ్లకు కళాహృదయం లేదు, లాభం మాత్రం ఉంది.

అట్ట గురించి అడగాల్సిన పనే లేదట. "మూడు ప్లైనే కదా" అంటారు. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో, బీఎఫ్ అంటే పగలకుండా ఎంత ఒత్తిడికి ఆగుతుందో చెప్పే అంకె. 100 జీఎస్ఎం, 16 బీఎఫ్ కాగితంతో చేసిందీ మూడు ప్లైనే, 150 జీఎస్ఎం, 20 బీఎఫ్‌తో చేసిందీ మూడు ప్లైనే. కొటేషన్లో ఈ రెండు అంకెలూ లేకపోతే ఏది వస్తుందో వేరే చెప్పాలా?

పెట్టెను పడేసి చూసే పరీక్ష ఒకటుంది. చిన్న పార్సిల్ అయితే 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదిసార్లు: ఒక మూల మీద, మూడు అంచుల మీద, ఆరు ముఖాల మీద. మన వ్యాపారులు ఈ పనిని కొరియర్ వాళ్లకే అప్పజెప్పారు. వాళ్లు పైసా అడగకుండా చేసి పెడుతున్నారు. ఫలితాలను కస్టమరు ఫోటో తీసి పంపిస్తాడు. నిప్పట్లు పిండిపిండి. పొడి ప్యాకెట్ ఊడి తురుమంతా ఎరుపు. గరాటు లేకుండా పొడి నింపితే కవరు మూతి లోపల కారం అంటుకుంటుంది, ఆ కారం మీద సీలింగ్ మెషిన్ ఎంత వేడి చేసినా అతుకు పట్టదు. మూతి గుడ్డతో తుడిచి అంటిస్తే సరిపోయేది, కానీ తుడిచేది వీడియోలో బాగుండదు. ఇక చిక్కీ బెల్లం సరుకు. మే నెలలో కడప ఎండకు మెత్తబడి కవరును కరుచుకుంటుంది, వానల్లో తేమ పీల్చి జిగురవుతుంది. ముక్కకొక బటర్ పేపర్ చుట్టే డబ్బుతో పెట్టె లోపల "ప్రేమతో, మీ కోసం" అని అచ్చు వేయించారు.

ఆ ప్రేమకు దొరికిన చోటు చట్టానికి దొరకలేదు. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాల ప్రకారం ప్యాక్ చేసినవాళ్ల పేరు, అడ్రసు, నికర బరువు, అన్ని పన్నులతో ఎంఆర్‌పీ, తయారైన నెల, ఏడాది, ఫిర్యాదు నంబరు ఉండాలి. తిండి కాబట్టి ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, శాకాహారమని చెప్పే పచ్చచుక్క కూడా. చివరి రాత్రి ఇవన్నీ ఒక తెల్ల స్టిక్కరు మీదికెక్కి పెట్టె అడుగున వంకరగా కూర్చుంటాయి.

పెట్టె రంగు నలుపు, దానిమీద మెరుపు లేని ప్లాస్టిక్ పొర, అదే మ్యాట్ లామినేషన్. ఇందులో చర్చ లేదు. మడత దగ్గర రంగు పగిలి లోపలి కాగితం బయటపడినా, గోరు తగిలితే గీత పడినా నలుపే. మూత నడుమ బంగారు రంగు లోగో. కొరియర్ వాళ్ల 4×6 అంగుళాల అడ్రసు స్లిప్పు కచ్చితంగా దానిమీదే పడుతుంది, ఎందుకంటే పెట్టెలో చదునుగా అంత చోటు ఇంకెక్కడా వదల్లేదు. అంచు మీదుగా మడిచి అంటిస్తే బార్‌కోడ్ చదవలేక మెషిన్ మొరాయిస్తుంది.

ఇల్లు తాళం వేసి ఉందని పార్సిల్ తిరిగొస్తే రిటర్న్ చార్జీ కూడా ఆ రెండు కిలోల లెక్కలోనే. సరుకు ఎటూ పోయింది, పెట్టెనైనా వాడుకుందామని స్లిప్పు పీకితే, దాంతో పాటు లామినేషను, లోగో కూడా లేచి వస్తాయి.