టేపు తీసేయకండి, పరదా కట్టండి

వచ్చే డిసెంబరులో హనుమకొండలో మన ప్రవాస తెలుగువాళ్ల సంఘం పెట్టే హెల్త్ క్యాంపులో నడుము కొలత ఉండదట. కమిటీ వాట్సాప్ గ్రూపులో నిర్ణయం అయిపోయింది, కింద వరుసగా దండాల బొమ్మలూ పడ్డాయి. బీపీ, షుగర్, బరువు చాలట. పోయినసారి ఆడవాళ్లు నొచ్చుకున్నారు కదా, అందుకని.

నొచ్చుకున్న మాట నిజమే, వాళ్లలో మా చిన్నమ్మ ఒకరు. ఫంక్షన్ హాల్లో భోజనాల లైనుకు ఎదురుగానే టేబుల్ వేశారు. ఇక్కడ, విదేశంలో పుట్టి పెరిగిన మన పిల్లాడే, పాపం బుద్ధిమంతుడే, చీర కుచ్చిళ్ల మీదుగా టేపు చుట్టి అంకె చెప్పాడు. రాసుకునేవాడికి వినపడక "ఎంతా?" అంటే ఇంకా గట్టిగా అరిచాడు. లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు. చిన్నమ్మ కొంగు నిండుగా కప్పుకుని, "నా నడుము సంగతి ఊరందరికీ ఎందుకు బిడ్డా" అని షుగర్ కూడా చూపించుకోకుండా ఆటో ఎక్కేసింది. పైగా ఆ అంకె కూడా తప్పే. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక, ఒంటికి ఆనించి కొలవాలి గానీ కుచ్చిళ్లను కొలిస్తే ఏమొస్తుంది?

సరే, మనం పరువు తీశాం. మధ్యలో టేపు ఏం చేసింది?

సన్నటి చేతులు, సన్నటి కాళ్లు, ముందు మాత్రం బొర్ర. మా బావల్లో సగం మంది ఇట్లాగే ఉంటారు, బరువు చూస్తే అందరూ నార్మలే. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో తమ ఫొటోనే వేసి చూపించారు: ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి చూసే బరువు లెక్క) 22.3, ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2. పొట్ట లోపల కాలేయం, పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు షుగర్‌నూ గుండెజబ్బునూ పిలుచుకొస్తుంది, తూకానికి అది దొరకదు. అందుకే మనవాళ్లకు నడుము హద్దు మగవాళ్లకైతే 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకైతే 80 అని పెట్టారు. జపాన్‌లో 2008 నుంచి 40 నుంచి 74 ఏళ్లవాళ్లకు ఏటేటా చెకప్‌లో నడుము కొలుస్తున్నారు. ఇక "నా ప్యాంటు సైజు 34 దాటలేదు" అనే మగమహారాజులకు ఒక మాట: బెల్టు బొర్ర కింద పెట్టుకుంటే జన్మలో దాటదు.

సెలవులకు పోతే, మనం ఎంత ఒళ్లు చేసినా "చిక్కిపోయినవ్ బిడ్డా" అంటూ ఇంకో సర్వపిండి ముక్క పళ్లెంలో వేసే ఊరు మనది. ఆ మాట కోసమే కదా టికెట్లు కొనుక్కుని పోయేది, దాన్ని ఎవరూ మాన్పించకండి. కానీ క్యాంపులో డాక్టరు కూడా అదే మాట అంటే ఎట్లా?

పట్టే చెయ్యి మారితే అంకె మారుతుందని కమిటీలో డాక్టర్లు అన్నారు. కాదనను, మరి పొద్దున్నే ఓ గంట కూర్చోబెట్టి నేర్పండి. ఆడవాళ్లకు ఆడవాళ్లే కొలవాలి, పరదా వెనక. అంకె నోటితో చెప్పొద్దు, చీటీ మీద రాసివ్వాలి. అదీ ఇష్టం లేనివాళ్లకు నిలువెత్తు దారం కత్తిరించి ఇంటికివ్వండి, సగానికి మడిచి నడుముకు చుట్టుకుంటారు, అందకపోతే వాళ్లకే తెలుస్తుంది.

స్టేజీ మీద కప్పే శాలువాల్లో కొన్ని తగ్గించినా పరదాలకూ, నర్సింగ్ అమ్మాయిల దారిఖర్చులకూ సరిపోతుంది. ఈ నెల మీటింగ్ అజెండాలో ఇది పెట్టండి, దయచేసి.