కుళ్ళిన కోడిగుడ్డు వాసన గారికి ఒక బహిరంగ లేఖ

హైడ్రోజన్ సల్ఫైడ్ గారూ,

నమస్కారం. మీ అసలు పేరు ఈమధ్యే తెలిసింది, క్షమించాలి. అంతకుముందు మా అపార్ట్‌మెంట్లో మిమ్మల్ని "ఆ వాసన" అనేవాళ్ళం. మూడో అంతస్తు ఆంటీ అయితే ఎవరింట్లోనో గుడ్డు కుళ్ళిందని తీర్మానించేసి, ఉల్లిపాయ కూడా ముట్టని వాళ్ళ ఫ్లాటుతో సహా అందరి తలుపులూ కొట్టొచ్చారు.

అసలు సంగతి మీకు తెలిసిందే. సెల్లార్ వెనకాల బయోగ్యాస్ ప్లాంటు పెట్టాం. కొబ్బరికాయ కొట్టాం, రిబ్బన్ కత్తిరించాం, వాట్సాప్ గ్రూపులో 140 ఫోటోలు. ఆ రోజు మా సెక్రటరీ గారు బోయిన్‌పల్లి మార్కెట్ కథ చెప్పారు. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ వాళ్ళ టెక్నాలజీతో అక్కడ రోజుకు పది టన్నుల కూరగాయల చెత్త నుంచి 500 యూనిట్ల దాకా కరెంటు తీస్తున్నారని 2021లో ప్రధాని గారే రేడియోలో చెప్పారు కదా, మనం కారిడార్ లైట్లు వెలిగించుకోలేమా అన్నారు. చప్పట్లు. కొటేషన్‌లో "గ్యాస్ శుద్ధి యూనిట్" అనే లైను దగ్గరికొచ్చేసరికి మాత్రం, మండే గ్యాస్‌ని మళ్ళీ కడగడం ఏమిటని కమిటీ ముక్తకంఠంతో కొట్టేసింది. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమంటే ఇదే.

మీరు ఊరుకుంటారా? ముందు సెక్రటరీ గారి భార్య పూజలో పెట్టుకునే వెండి కుందులు నల్లబడ్డాయి. చింతపండు పెట్టి తోమితే రెండు వారాలకి మళ్ళీ నలుపు. తర్వాత సెల్లార్‌లో ప్యానెల్ బోర్డు రాగి తీగలు. చివరికి జనరేటర్. విప్పి చూసిన మెకానిక్, "లోపల ఎవరో యాసిడ్ పోసినట్టుంది సార్" అన్నాడు. ఎవరో ఏమిటి, మేమే పోశాం. మీరు మండితే సల్ఫర్ డయాక్సైడ్ అవుతారనీ, తడి తగిలితే అదే ఆమ్లమై ఇనుమును తినేస్తుందనీ ఇంటర్ కెమిస్ట్రీలో మార్కుల కోసం చదివినవాళ్ళం ఆ కమిటీలో ఆరుగురం ఉన్నాం.

దానికి మేం తీసుకున్న చర్యలు వినండి: అగరుబత్తీలు, రూమ్ ఫ్రెషనర్, ప్లాంటు చుట్టూ సన్నజాజి తీగ.

నిజానికి మిమ్మల్ని పిలిచింది మేమే. మాంసం, గుడ్లు, పప్పులు, వెల్లుల్లి, క్యాబేజీ, ఇలా గంధకం ఉన్న తిండి ఏది పారేసినా గాలి తగలని ఆ ట్యాంకులో సూక్ష్మజీవులు దాన్ని మీ రూపంలో తిరిగిస్తాయి. ఆదివారం బిర్యానీ ఎముకలు లోపల పడితే మంగళవారానికల్లా లిఫ్ట్ దాకా మీరే. తడి చెత్త బుట్టలో డైపర్లు వేసేవాళ్ళ గురించి ఇంకో ఉత్తరం రాస్తాను.

అన్నిటికంటే సిగ్గుచేటు ఏమిటంటే, మిమ్మల్ని పట్టడానికి కావలసింది తుప్పు. అవును, మామూలు ఇనుప తుప్పు. రంపపు పొట్టుకి తుప్పు పట్టించి డ్రమ్ములో నింపి గ్యాస్‌ని అందులోంచి పంపిస్తే మీరు ఐరన్ సల్ఫైడై అక్కడే చతికిలబడతారట. వాడేసినదాన్ని గాలికి ఆరబెడితే మళ్ళీ తుప్పవుతుంది, కాకపోతే అప్పుడు బాగా వేడెక్కుతుంది కాబట్టి కుప్పగా పోయకూడదు. జనరేటర్ నిండా ఉచితంగా తుప్పు పట్టించుకున్నాం కానీ, డ్రమ్ములో పెట్టాల్సిన తుప్పుకి డబ్బులివ్వలేదు!

మీ పక్క సీటాయన కార్బన్ డయాక్సైడ్ సంగతి వేరు. గ్యాస్‌లో దాదాపు 40 శాతం ఆయనే, పని చేయడు, టికెట్ కొనడు, సీటు మాత్రం వదలడు. వాహనాల్లో సీఎన్‌జీలా వాడాలంటే ఒత్తిడి పెట్టి నీళ్ళతో కడిగి ఆయన్నీ దించి, అసలు మండే వాయువైన మీథేన్‌ని 90 శాతం పైకి తేవాలి. 2018లో కేంద్ర ప్రభుత్వం సతత్ పథకం మొదలుపెట్టినప్పుడు ఇలాంటి గ్యాస్ తీసే ప్లాంట్లు దేశమంతా 5000 అన్నారు. ఇండోర్‌లో 2022లో రోజుకు 550 టన్నుల తడి చెత్త పట్టే ప్లాంటు తెరిచి, అందులోంచి సిటీ బస్సులకు గ్యాస్ ఇస్తున్నారు. అక్కడ శుద్ధి లైను కొట్టేసి ఉంటే ఆ బస్సులు ఎక్కడిదాకా వెళ్ళేవో మా జనరేటర్‌ని అడిగితే చెబుతుంది.

ఒక్క భయం మాత్రం ఉంది, మీరు విషవాయువు కదా. మీరు కొంచెమే ఉంటే ముక్కు మిమ్మల్ని పసిగట్టేస్తుంది, సుమారు వంద పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు వంద) దాటితే ఆ ముక్కే మొద్దుబారి వాసన పోయిందనుకుంటాం. పైగా మీరు గాలికంటే బరువు, సెల్లార్‌లోనే కూర్చుంటారు, పక్కనే వాచ్‌మన్ గది. అందుకే దయచేసి కంపు కొడుతూనే ఉండండి. ఈ కమిటీకి నోటీసు ఇచ్చే ధైర్యం ఉన్నది మీకొక్కరికే.

ఈ ఆదివారం జనరల్ బాడీ మీటింగ్. మొదటి అంశం ప్లాంటుకి ఆకుపచ్చ రంగు వేయించడం, రెండో అంశం మీరు. మొదటిదానికే లేత ఆకుపచ్చా ముదురు ఆకుపచ్చా అని గంటన్నర పడుతుంది, ఆ తర్వాత భోజనాలు, చికెన్ బిర్యానీ.

మంగళవారం కలుద్దాం.

ఇట్లు,
సెల్లార్ పైనే, మొదటి అంతస్తులో ఉంటున్న ఒక అసోసియేషన్ సభ్యుడు