ఉదయగిరి కింద మూడు పొరలు

1513లో శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి కోటను ముట్టడిస్తే, ఆయన సైన్యం కొండ కింద దాదాపు ఏడాదిన్నర విడిది చేసింది. మన నెల్లూరు జిల్లాలో ఇంతకు మించిన క్యాంపింగ్ జరిగినట్టు నాకు తెలీదు. అంతమంది అన్నాళ్లపాటు బట్టల్లో ఏ పొర మీద ఏ పొర వేసుకున్నారో తెలుసుకుందామని చరిత్ర పుస్తకాలు తిరగేశాను. ఎవరూ పట్టించుకోలేదు. 1514లో గజపతుల నుంచి కోట రాయలకు దక్కిందని రాశారు, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయాడని రాశారు. రాయలవారి ప్యాంటు మోకాలి దగ్గర ఊడేదా కాదా అన్న ముఖ్యమైన సంగతి మాత్రం వదిలేశారు.

ఆ లోటు మా మేనల్లుడు తీర్చాడు. వాడిది బెంగుళూరులో ఉద్యోగం. కార్తీకమాసంలో అదే కొండ కింద, తెలిసినవాళ్ల నిమ్మతోటలో ఒక రాత్రి గుడారం వేద్దామన్నాడు. ఒక్క రాత్రికి వాడు తెచ్చిన బట్టల సంచి, మా అక్క కాపురానికి పోయేటప్పుడు తీసుకెళ్లిన పెట్టె కంటే పెద్దది. నేను తీసుకెళ్లినవి ఒక లుంగీ, ఇంకో లుంగీ, తుండుగుడ్డ, కాళ్లకు హవాయి చెప్పులు.

"అట్టా వస్తావా మామా?" అన్నాడు జాలిగా. "కొండల్లో కాటన్ వేసుకుంటే ప్రాణాలకే ముప్పు, తెలుసా?"

వెంకటగిరిలోనో చీరాలలోనో ఈ మాట అనుంటే గుంటమగ్గంలోంచి లేచొచ్చి జవాబు చెప్పేవాళ్లు. నేను ఊరుకున్నాను.

వాడి సిద్ధాంతం ఇది. ఒంటికి ఆనుకున్న పొర చెమటను బయటికి తోలేయాలి. నడిమి పొర వెచ్చదనాన్ని నిలపాలి. పై పొర గాలినీ వాననూ ఆపాలి. మంచు కొండల్లో ఇది నూటికి నూరుపాళ్లు నిజం, కాదనను. కానీ నెల్లూరులో వెచ్చదనాన్ని నిలపడమేంది? రోహిణి కార్తెకు రోళ్లు పగిలే చోట అది పొమ్మన్నా పోదు. మా బావ పాత కారులో ఏసీ లేదు. సంగం దాటేసరికి వాడి పై పొర ఊడింది. ఆత్మకూరులో నడిమి పొర ఊడింది. ఇంకో ఊరు తగిలుంటే ఏమయ్యేదో మర్యాద కోసం రాయను.

లోపలిది ఆకుల రంగు చొక్కా. జంతువుల కంట పడకుండా ఉండటానికట. వెలిగొండల్లో, ఎర్రచందనం పెరిగే అడవి పక్కన, చీకటి పడ్డాక, వీపున అంత సంచితో ఆకుల రంగు బట్టల్లో తిరగడం గురించి కాస్త ఆలోచించండి. జంతువుల సంగతి తర్వాత. ముందు ఫారెస్టు వాళ్లు మనల్ని నమ్మాలి. లుంగీ కట్టుకుని చేతిలో చెంబుతో పోయేవాణ్ని ఏ అడవిలోనూ ఎవరూ ఆపి ఏమీ అడగరు.

ఇక ఆ ప్యాంటు. మోకాళ్ల దగ్గర జిప్పులుంటాయి, తీస్తే కాళ్లు రెండూ విడిగా వచ్చేసి నిక్కరు మిగులుతుంది. దీనికి నాలుగువేలు. ఎగ్గడితే నిక్కరు, దించితే ప్యాంటు, విప్పి కప్పుకుంటే దుప్పటి, రెండు చెట్లకు కడితే చంటిపిల్లకు ఉయ్యాల అయ్యే వస్త్రం మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. జిప్పు లేదు కాబట్టి గౌరవం లేదు.

సాయంత్రం వాడు జిప్పులు లాగి ఆ రెండు కాళ్లూ నిమ్మచెట్టుకు తగిలించాడు. మా బావ, అంటే వాడి నాన్న, అన్నం వారుస్తూ చేతికందిన గుడ్డతో గిన్నె దించాడు. నైలాన్ కదా, కరిగి గిన్నెకు అతుక్కుపోయింది.

"నాన్నా! అది నా కాలు!"

"మసిగుడ్డ అనుకున్నాలేరా," అన్నాడు బావ, గిన్నె గీక్కుంటూ. ఆ గీకడం కూడా ఉదయగిరి చెక్క గరిటెతోనే. ఆ గరిటెలకు పేరుపడ్డ ఊరికి మావాడు మడతపెట్టే స్టీలు స్పూను తెచ్చుకున్నాడన్నది వేరే కథ.

తర్వాత మంట దగ్గర ఒళ్లు కాచుకుందామని మళ్లీ తొడుక్కున్న పై పొర మీద నిప్పురవ్వలు రెండు పడి, చక్కగా రెండు చిల్లులు చేశాయి. నిమ్మముల్లు చేతిని చీరింది. దోమలు మోకాళ్ల కింద విందు మొదలుపెట్టాయి. నా రెండో లుంగీ అడిగి కట్టుకుని గుడారంలో దూరాడు. నేను నవ్వలేదు. తల తిప్పుకున్నాను, అంతే.

నిజాయితీ కోసం ఒక సంగతి చెప్పాలి. కోట దారిలో రాళ్ల మీద నా చెప్పు తెగింది. పిన్నీసు పెట్టుకుని దిగాను. పాములూ తేళ్లూ తిరిగే చోట బూట్లే నయం. ఈ మాట వాడి ముందు అనలేదు.

రాత్రి నేను ఆరుబయట నులకమంచం మీద పడుకున్నాను. వాన రెండింటప్పుడు మొదలైంది. చాలా ఊళ్లకు నైరుతి పోయాక వానలు పోయినట్టే. మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పుట్టినప్పటి నుంచీ ఈ సంగతి తెలిసిన నేను గొడుగు కూడా తేలేదు. తడిసిన లుంగీ కాళ్లకు చుట్టుకుంది, ఎంత పిండినా ఆరదు. గాలి తగిలినప్పుడల్లా ఒంట్లో ఉన్న కాస్త వేడినీ లాగేస్తోంది. కాటన్ గురించి వాడన్న మాట పళ్లు టకటకలాడుతుండగా నాకు పూర్తిగా అర్థమైంది.

"మామా, ఇదిగో," అని గుడారంలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. నడిమి పొర, పై పొర, చెమట తోలే ప్యాంటు ఇంకోటి. వేసుకున్నాను. వెచ్చగా ఉంది. రెండు చిల్లుల్లోంచి మాత్రం చుక్కలు పడ్డాయి.

తెల్లారి బస్టాండు దగ్గర టీ అంగడికి పోయాం. అంగడాయన లుంగీలో ఉన్న మావాణ్ని ఎగాదిగా చూసి, "ఏం అబ్బయా, తోటకు కాపలా వచ్చినావా?" అన్నాడు.

నా వైపు తిరిగి చేతులు తుడుచుకున్నాడు. "సార్, తమరు బెంగుళూరా?"

నేను అవుననలేదు, కాదనలేదు. టీ డబ్బులు ముగ్గురివీ నన్నే అడిగాడు.