తీసివేతలను ఎవరూ అమ్మరు

ఆరోగ్యం మీద జనానికి ఇంత ధ్యాస గతంలో ఎన్నడూ లేదన్న మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. వినియోగదారుడు మారాడని, కొనే ముందు లేబుల్ చదువుతున్నాడని, అడుగులు లెక్కపెట్టుకుంటున్నాడని, చివరికి నిద్రను కూడా కొలుచుకుంటున్నాడని మార్కెట్ సర్వేలు చెబుతున్నాయి. ఆ మార్పు నిజమేనని ఒప్పుకుంటాను. దాన్ని ఆరోగ్య చైతన్యం అని పిలవడానికి మాత్రం నాకు మనసొప్పదు. ఆ సర్వేలు కొలుస్తున్నది మనిషి ఎలా బతుకుతున్నాడన్నది కాదు, ఆరోగ్యం పేరుతో ఏం కొంటున్నాడన్నది. కొనుగోలు పెరిగితే శ్రద్ధ పెరిగినట్టేనన్న లెక్క అమ్మేవారికి పనికొస్తుందేమో గాని, కొనేవారికి అది చాలా చేటు చేస్తోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లో అమల్లోకి వచ్చిన తన రాజ్యాంగంలోనే ఆరోగ్యమంటే జబ్బు లేకపోవడం మాత్రమే కాదని, శారీరకంగా, మానసికంగా, సామాజికంగా సంపూర్ణ క్షేమంతో ఉండటమని నిర్వచించింది. 1950ల చివర్లో అమెరికా వైద్యుడు హాల్బర్ట్ డన్ ‘వెల్‌నెస్’ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చినప్పుడు కూడా ఆయన మనసులో ఉన్నది మనిషికీ అతని పరిసరాలకీ మధ్య కుదరాల్సిన పొందికే. ఆ మాట ఇప్పుడు ఎక్కడికి చేరిందో అందరికీ తెలిసిందే. గ్లోబల్ వెల్‌నెస్ ఇన్‌స్టిట్యూట్ అంచనా ప్రకారం 2023లో ఈ రంగం విలువ 6.3 లక్షల కోట్ల డాలర్లు. ఒక స్థితికి పెట్టిన పేరు ఒక సరుకుల వరుసకు పేరైపోయింది.

సరుకుగా మారితే వచ్చిన నష్టమేమిటని అడగవచ్చు. నష్టమంతా వ్యాపారం నడిచే తీరులోనే ఉంది. వ్యాపారం కూడికలను మాత్రమే అమ్మగలదు. మాత్ర, పొడి, వాచీ, యాప్, జిమ్ సభ్యత్వం, డీటాక్స్ పానీయం, ధ్యానం నేర్పే చందా, వీటిలో ప్రతిదీ మన జీవితానికి కొత్తగా ఒకటి కలుపుతుంది. కానీ ఆరోగ్యం గురించి గత డెబ్బై ఎనభై ఏళ్లలో శాస్త్రం తిరుగులేకుండా రుజువు చేసిన పెద్ద విషయాలను వరుసగా పేర్చి చూడండి. పొగ మానాలి, మద్యం తగ్గించాలి, గంటల తరబడి కదలకుండా కూర్చోవడం తగ్గాలి, ఉప్పు తగ్గాలి, నిద్రను కోసుకుతినే పనులు తగ్గాలి, పీల్చే గాలిలో మసి తగ్గాలి. దాదాపు అన్నీ తీసివేతలే. తీసివేతకు ప్యాకింగ్ ఉండదు, ప్రకటన ఉండదు, దాని మీద లాభం తీసేవాడు ఉండడు. అందుకే అది మన కళ్ల ముందున్నా కనబడదు.

ఈ తేడా ప్రాణాల మీదకు తెచ్చిన ఉదంతం ఒకటి ఉంది. వెల్‌నెస్ గురించి మాట్లాడే ప్రతిచోటా దాన్ని ముందు చెప్పాలని నేను అనుకుంటాను. కూరగాయలు, పండ్లు ఎక్కువగా తినేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా కనబడుతోందని, క్యారెట్ వంటివాటికి రంగునిచ్చే బీటా కెరోటిన్ అనే పదార్థం వారి రక్తంలో ఎక్కువగా ఉంటోందని అధ్యయనాల్లో తేలింది. అలాంటప్పుడు ఆ పదార్థాన్నే మాత్రగా చేసి ఇస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచన రావడం సహజం. ఫిన్లాండ్‌లో 50 నుంచి 69 ఏళ్ల మధ్య వయసున్న 29,133 మంది పొగతాగే పురుషులను ఎంచుకుని, కొందరికి బీటా కెరోటిన్, కొందరికి విటమిన్ ఇ, కొందరికి రెండూ, మిగతా వారికి ఉత్తుత్తి మాత్రలు ఐదు నుంచి ఎనిమిదేళ్ల పాటు ఇచ్చి చూశారు. 1994లో ఫలితాలు వెలువడ్డాయి. బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. అమెరికాలో పొగతాగేవారితో, ఆస్‌బెస్టాస్ మధ్య పనిచేసినవారితో జరుగుతున్న ఇలాంటి మరో ప్రయోగంలోనూ ఇదే ధోరణి కనబడటంతో 1996లో దాన్ని గడువుకు ముందే ఆపేశారు.

ఆ పరిశోధకులను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. అనుమానం వచ్చినప్పుడు ప్రయోగం చేసి, తమ ఆశకు విరుద్ధంగా వచ్చిన ఫలితాన్ని దాచకుండా ప్రకటించినందుకు వారికి మనం రుణపడి ఉన్నాం. నా బాధంతా మనం అందులోంచి ఏమీ నేర్చుకోకపోవడం గురించే. ఆ ప్రయోగంలో పాల్గొన్న ప్రతి మనిషికీ ఆరోగ్యం వైపు వెళ్లే దారి ఒక్కటే, చేతిలోని సిగరెట్టు మానేయడం. దాన్ని అలాగే ఉంచి పైన ఏదో ఒకటి కలిపితే శరీరం రాజీపడుతుందేమోనన్నది ఆశ. ముప్పై ఏళ్ల తర్వాత కూడా సప్లిమెంట్ల వ్యాపారం నిలబడింది ఆ ఆశ మీదే. నిద్ర చాలనివాడికి నిద్ర పట్టిస్తుందని చెప్పే మాత్ర, కదలికే లేనివాడికి శక్తినిచ్చే పొడి, తినే తీరు చెడినవాడికి పేగులను బాగుచేసే పానీయం అమ్ముతున్నారు. కొన్నవాడికి ఏదో చేశానన్న తృప్తి వెంటనే దొరుకుతుంది. ఆ తృప్తే అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే చేయాల్సిన పనిని వాయిదా వేయడానికి అది మనసుకు సాకు ఇస్తుంది.

ఆహారం విషయంలోనూ ఇదే కథ. ప్యాకెట్ ముందు వైపు పెద్ద అక్షరాలతో రాసేదంతా కలిపినవాటి గురించే: అదనపు ప్రొటీన్, అదనపు పీచు, అదనపు విటమిన్లు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 2019లో ప్రచురించిన ప్రయోగం ఈ భ్రమను చక్కగా బయటపెట్టింది. ఇరవై మందిని నాలుగు వారాలు పరిశోధనశాలలోనే ఉంచి, రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, రెండు వారాలు దాదాపు ప్రాసెస్ చేయని ఆహారం పెట్టారు. వడ్డించినదానిలో క్యాలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండు వైపులా సమానంగా ఉండేలా చూశారు. ప్రాసెస్ చేసిన ఆహారంలో పీచు తక్కువ పడుతుంది కనుక దాన్ని పానీయాల్లో విడిగా కలిపి ఇచ్చారు. కాగితం మీద లెక్క సరిపోయింది. మనుషులు మాత్రం ప్రాసెస్ చేసిన ఆహారం తిన్న రెండు వారాల్లో రోజుకు సుమారు 500 క్యాలరీలు ఎక్కువగా తిన్నారు, ఒక్కొక్కరు సగటున కిలోకు కాస్త తక్కువగా బరువు పెరిగారు. ప్రయోగం చిన్నది, వ్యవధి తక్కువ. అయినా పోయిన పీచును పొడి రూపంలో తిరిగి కలిపినంత మాత్రాన ఆ ఆహారం ప్రాసెస్ చేయని ఆహారంగా మారలేదన్నది అందులో స్పష్టంగా కనబడింది. లేబుల్ చదివే వినియోగదారుడు ముందు వైపు రాసిన కూడికలు చదువుతున్నాడు. అతనికి అవసరమైనది వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉన్న పొడవాటి జాబితా.

కొలతల పిచ్చి గురించి కూడా చెప్పుకోవాలి. రోజుకు పదివేల అడుగులన్న లక్ష్యాన్ని వైద్యులు నిర్ణయించారని చాలామంది నమ్మకం. 1965లో జపాన్‌లో ఒక సంస్థ అడుగులు లెక్కించే పరికరానికి ‘పదివేల అడుగుల మీటరు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టి అమ్మింది, ఆ అంకె అక్కడి నుంచి వచ్చింది. సగటున 72 ఏళ్ల వయసున్న దాదాపు 17 వేల మంది స్త్రీల మీద పరిశోధకురాలు ఐ-మిన్ లీ బృందం చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు సుమారు 4,400 అడుగులు వేసేవారిలోనే మరణాలు గణనీయంగా తక్కువగా ఉన్నాయి, 7,500 దాటాక అదనపు ప్రయోజనం కనబడలేదు. అంకె పెద్దదైతే నష్టమేమిటని కొట్టిపారేయడానికి లేదు. అందుకోలేని అంకెను ముందు పెట్టుకున్న మనిషి ఓడిపోయానని ఆ కాస్త నడకా మానేసే ప్రమాదం ఉంది. పరికరం ఒంటి మీద ఉన్నంత మాత్రాన ఫలితం వస్తుందన్న నమ్మకమూ నిలబడలేదు. 2016లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, ఆహార వ్యాయామ సలహాలు పొందుతున్న యువతలో కొందరికి కదలికలను కొలిచే పరికరం కూడా ఇచ్చారు. రెండేళ్ల చివర పరికరం లేనివారు సగటున 5.9 కిలోలు తగ్గితే, ఉన్నవారు 3.5 కిలోలే తగ్గారు.

ఈ వాదనకు ఎదురు చెప్పేవారి దగ్గర బలమైన ఉదాహరణలు లేకపోలేదు. అడుగుల పరికరం పెట్టుకున్నవారు రోజుకు రెండు వేలకు పైగా అడుగులు అదనంగా నడిచారని 2007లో అధ్యయనాలన్నిటినీ కలిపి చేసిన సమీక్ష తేల్చింది. గర్భం దాల్చే ముందు నుంచే తీసుకునే ఫోలిక్ యాసిడ్ పుట్టబోయే బిడ్డలో వెన్నుపాము లోపాలను చాలా వరకు నివారిస్తుందని 1991 నాటి బ్రిటన్ ప్రయోగం నిస్సందేహంగా నిరూపించింది. వైద్యుడు లోపాన్ని గుర్తించి రాసిన మాత్రను మానేయమని చెప్పడం బాధ్యతారాహిత్యం. అయితే ఆ ఫోలిక్ యాసిడ్ విషయంలోనే, మాత్రలు కొనుక్కోమని చెప్పి ఊరుకోవడం చాలదని గ్రహించి, అమెరికా 1998 నుంచి ధాన్యపు పిండిలోనే దాన్ని కలపడం తప్పనిసరి చేసిందని కూడా గుర్తుంచుకోవాలి. పనికొచ్చే కూడిక కూడా కొనగలిగినవారిని దాటి అందరికీ చేరాలంటే కొనుగోలుదారుడి శ్రద్ధ మీద ఆధారపడలేమని దీని అర్థం.

అసలు తీసివేత అంత తేలికైతే మనిషి ఎందుకు చేయడు? బద్ధకం, సంకల్పబలం లేకపోవడం అన్న జవాబు వెల్‌నెస్ ప్రచారం మనకు నేర్పింది. నేను దాన్ని ఒప్పుకోను. తీసివేయాల్సినవి చాలావరకు మనిషి చేతిలో లేవు, అవి అతని పనివేళల్లో ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించిన అంచనా ప్రకారం, వారానికి 55 గంటలు, ఆపైన పనిచేయడం వల్ల 2016 ఒక్క ఏడాదిలోనే 7,45,000 మంది పక్షవాతంతో, గుండెజబ్బుతో చనిపోయారు. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే ఇంత ఎక్కువ పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. రాత్రి షిఫ్టు పనిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2007లోనే క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఎక్కువగా ఉన్నవాటి జాబితాలో చేర్చింది, 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచింది. ఈ మనిషికి నిద్ర నాణ్యతను కొలిచే ఉంగరం అమ్మితే అది ఏం చెబుతుంది? నిద్ర చాలడం లేదని చెబుతుంది. ఆ సంగతి అతనికి ఉంగరం లేకుండానే తెలుసు.

శరీరం కదలాలన్న విషయాన్ని మొదట శాస్త్రీయంగా చూపించిన పరిశోధన జిమ్‌లో జరగలేదు, బస్సుల్లో జరిగింది. బ్రిటన్ పరిశోధకుడు జెర్రీ మోరిస్ బృందం 1953లో లండన్ డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లను, కండక్టర్లను పోల్చి, రోజంతా కూర్చునే డ్రైవర్లలో కన్నా మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా ఉందని చూపించింది. ఉద్యోగంలో చేరేనాటికే డ్రైవర్ల నడుము కొలతలు ఎక్కువగా ఉన్నాయని ఆ తర్వాత మోరిసే, వారికి ఇచ్చిన యూనిఫాం కొలతల నుంచి పసిగట్టి, నిజాయితీగా ప్రకటించారు. కాబట్టి తేడా అంతా మెట్లదే అనలేం. అయినా ఆ దిశగా తర్వాత వచ్చిన ఎన్నో అధ్యయనాలు ఆయన మొదటి ఊహనే బలపరిచాయి. ఆ కండక్టర్లకు వ్యాయామం మీద ప్రత్యేకమైన శ్రద్ధ ఏమీ ఉండనక్కర్లేకపోయింది, ఎందుకంటే వారి కదలిక వారి పనిలోనే భాగంగా ఉంది. ఇప్పుడు మనం పగలంతా కుర్చీలో కూర్చోబెట్టే పనిని చేసి, ఆ పని తెచ్చిపెట్టిన నష్టాన్ని పూడ్చుకోవడానికి సాయంత్రం మిగిలిన గంటలో, మిగిలిన డబ్బుతో కదలికను కొనుక్కుంటున్నాం.

యాజమాన్యాలు ఈ సంగతి గ్రహించలేదని కాదు. అందుకే ఉద్యోగుల కోసం వెల్‌నెస్ కార్యక్రమాలు వెలిశాయి. అమెరికాలో ఒక పెద్ద చిల్లర వర్తక సంస్థకు చెందిన సుమారు 33 వేల మంది ఉద్యోగులతో జరిపిన ప్రయోగం ఫలితాలు 2019లో వచ్చాయి. కార్యక్రమం అందుబాటులో ఉన్న చోట్ల ఎక్కువమంది తాము వ్యాయామం చేస్తున్నామని చెప్పారు. ఏడాదిన్నర తర్వాత రక్తపోటు, కొలెస్టరాల్ వంటి కొలతల్లో గాని, వైద్య ఖర్చులో గాని, సెలవుల్లో గాని చెప్పుకోదగ్గ తేడా లేదు. పోషకాహారం గురించి పాఠం చెప్పడం, ఒత్తిడిని తట్టుకునే మెలకువలు నేర్పడం సంస్థకు సులువు, ఒత్తిడిని తగ్గించడమే కష్టం. ఇక్కడా కూడికే ఎంచుకున్నారు.

తీసివేత జరిగిన చోట్ల అది ఎలా జరిగిందో చూస్తే నా మాట ఇంకా స్పష్టమవుతుంది. డెన్మార్క్ 2003లో ఆహారంలోని, గుండెకు చేటు చేసే కృత్రిమ ట్రాన్స్ కొవ్వులకు చట్టంతో కళ్లెం వేసింది. ఐర్లండ్ 2004లో పనిచేసే చోట్ల పొగతాగడాన్ని నిషేధించింది. బ్రిటన్ తీపి పానీయాల మీద చక్కెర పరిమాణాన్ని బట్టి పన్ను వేస్తామని 2016లో ప్రకటించింది. 2018లో అది అమల్లోకి వచ్చేలోపే చాలా కంపెనీలు పన్ను తగలని స్థాయికి చక్కెర తగ్గించుకున్నాయి. ఆ సీసా కొన్నవారిలో అనేకులకు ఆ మార్పు జరిగిందన్న సంగతి కూడా తెలియదు. వారు ఏ యాప్‌నూ తెరవలేదు, ఏ సంకల్పమూ చెప్పుకోలేదు, అయినా వారి రోజులోంచి కొన్ని చెంచాల చక్కెర తప్పుకుంది.

ఆరోగ్యం పట్ల వినియోగదారుడి దృక్పథం మారిందని చెప్పే సర్వేలు అతన్ని ఏం కొన్నావని అడిగి ఊరుకుంటున్నాయి. నిన్న రాత్రి ఎన్ని గంటలకు పని ముగిసిందని, మధ్యలో లేచి నడిచే వెసులుబాటు ఉందా అని, ఇంటికి వచ్చాక వంటకు ఓపిక మిగిలిందా అని కూడా అడగాలి. చేతికున్న వాచీ గంటకోసారి లేచి నిలబడమని మణికట్టు మీద గుర్తుచేస్తుంది. లేవడానికి కావలసిన అనుమతి మాత్రం షిఫ్టు పట్టిక రాసేవారి దగ్గర ఉంది, ఆ ప్రశ్నలు మొదట వారినే అడగాలి.