విధవరాలు గంటలు లెక్కపెట్టలేదు
రాత్రంతా మోకాళ్ల మీద ఉంటేనే పట్టుదల గల ప్రార్థన అన్న మాటతో ఏకీభవించలేను. బైబిల్లో లూకా సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పిన ఉపమానంలో విధవరాలు ఒక అన్యాయపు న్యాయాధిపతి దగ్గరికి మాటిమాటికీ వచ్చింది, అడిగింది మాత్రం ఒక్కటే, న్యాయం. దేవుడు ఆ న్యాయాధిపతిలా విసుక్కునేవాడని కాదు ఆ ఉపమానం చెప్పేది! బైబిల్లోని దానియేలు ప్రవక్త కూడా రోజుకు ముమ్మారు ప్రార్థించాడు. హైటెక్ సిటీలో నైట్ షిఫ్టు చేసేవాళ్లు శుక్రవారం ఆల్‌నైట్ ప్రేయర్‌లో కూర్చుని, అలసిపోయి మిగతా వారమంతా వదిలేస్తే ఏం లాభం? నిద్రలేచాక పది నిమిషాలు పెట్టుకోండి. ఒక కీర్తన చదివి, రెండు మూడు విన్నపాలు పేరుపేరునా, నోటుబుక్కులో తేదీ వేసి. ముప్పై రాస్తే నాలుగు రోజులకే భారమై ఆగిపోతుంది. జవాబు 'కాదు' అని వచ్చినా అదే పేజీలో రాయాలి. తన శరీరంలో ముల్లులా గుచ్చుతున్న బాధను తీసేయమని అపొస్తలుడైన పౌలు ప్రభువును మూడుసార్లు వేడుకున్నా వచ్చింది 'నా కృప నీకు చాలును' అనే కదా.